తొమ్మిది కంచు గుర్రాలూ, తోమిన చిలుమూ

1996 నవంబరులో నన్ను రాయగడ వెళ్లమని ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను పురావస్తువులను పరీక్షించే ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో సీనియర్ కెమిస్ట్‌ని. ఈ హోదా అసిస్టెంట్ కెమిస్ట్‌కు పైన, చీఫ్ కెమిస్ట్‌కు కింద. అంటే ప్రయాణాలు నావి, చివరి సంతకం ఆయనది. ఉత్తర్వులో పని ఒక్క వాక్యంలో ఉంది: పోలీసులు స్వాధీనం చేసుకున్న తొమ్మిది కంచు వస్తువుల ప్రాచీనతను నిర్ధారించుట.

నన్నే ఎంచుకోవడానికి కారణం నా రసాయనశాస్త్రం కాదు. నిందితుడు తెలుగువాడు. నేనూ రాయగడలో పుట్టి పెరిగిన తెలుగుదాన్నే. మా నాన్న అక్కడ మునిసిపాలిటీ నీళ్ల పంపు నడిపి రిటైరయ్యారు. మా ప్రయోగశాలలో తెలుగు వచ్చినవాళ్లు ఇద్దరమే. రెండో ఆయన ఆ నెలంతా సెలవులో ఉన్నాడు.

ఆ ఠాణా ఎక్కడిదో రాయను. అందులో పనిచేసినవాళ్లు ఇప్పుడు నాలాగే పింఛను తీసుకుంటూ ఉంటారు. కేసు మాత్రం చెప్పాలి.

బంధుగాం వైపు ఒక పల్లెలో అప్పలస్వామి అనే కంచరి ఉండేవాడు. వయసు అరవై దాటింది. తాతల నాడు బొబ్బిలి ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబం. మట్టి ముద్ద మీద మైనంతో బొమ్మ చేసి, దాని మీద మళ్లీ మట్టి కప్పి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోసే పని వారిది. రాయగడ బజారులో ఇత్తడి, స్టీలు సామాన్ల టోకు వ్యాపారి కామేశ్వరరావు అతని దగ్గర ఎనిమిది గుర్రపు బొమ్మలు కొని, అద్దాల బీరువాలో పెట్టి, ఏడువందల ఏళ్ల నాటివని చెప్పుకోసాగాడు. బయటి ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి అది విన్నాడు. ఏమీ కొనలేదు గాని, ప్రాచీన వస్తువులను బాహాటంగా అమ్ముతున్నారని పోలీసులకు ఉత్తరం రాశాడు. పోలీసులు దుకాణంలో ఎనిమిది గుర్రాలు పట్టుకున్నారు. తర్వాత అప్పలస్వామి ఇల్లు సోదా చేస్తే దేవుడి గూట్లో ఇంకొకటి దొరికింది. తొమ్మిదీ ఒకే పోలిక. జానెడు ఎత్తు గుర్రం, దాని మీద గిన్నె పట్టుకుని కూర్చున్న ఆడమనిషి.

చట్టం ప్రకారం వంద ఏళ్లు దాటిన ఇలాంటి వస్తువును లైసెన్సు లేకుండా అమ్మడం నేరం. కొత్త వస్తువును పాతదని నమ్మించి అమ్మడం వేరే నేరం. ఇన్‌స్పెక్టర్ మిశ్రా బాబు మర్యాదస్తుడు, ఒడియా మనిషి అయినా మా బజారు తెలుగు బాగానే మాట్లాడేవాడు. నేను వెళ్లగానే రెండు అభియోగపత్రాల చిత్తుప్రతులు చూపించాడు. ఒకటి గుర్రాలు పాతవైతే, రెండోది కొత్తవైతే.

"మీరు ఏదో ఒకటి రాయండి మేడం, రెండూ తయారుగా ఉన్నాయి" అన్నాడు.

రెండింటిలోనూ నిందితుడి పేరు టైపు చేసే ఉంది.

ఇక్కడ మా వృత్తి గురించి ఒక మాట చెప్పాలి. లోహానికి పుట్టినతేదీ ఉండదు. రాగి ఎప్పుడు కరిగించినా రాగే. కెమిస్ట్ చూడగలిగేది ఇంకోటి: అందులో రాగితోపాటు తగరం ఉందా, జింకు ఉందా, సీసం ఎంత, ఈ కాలపు తుక్కులో మాత్రమే కలిసే లోహాల జాడ ఉందా అని. దానికి మించి మాకు పనికొచ్చేది చిలుము. రాగి కలిసిన లోహం మీద ఏళ్ల తరబడి పట్టే ఆ పచ్చని పొర, ఆ వస్తువు ఎక్కడ, ఎంతకాలం ఉందో తెలిపే దినచర్య పుస్తకం లాంటిది. అందుకే పాత కంచును తోమవద్దని, నీళ్లు కూడా తగలనివ్వవద్దని మేము వచ్చే ముందే ఉత్తరం పంపుతాం. ఈసారీ పంపాం. ఇంగ్లీషులో పంపాం.

మాల్‌ఖానా అంటే ఠాణాలో కేసు సొత్తు దాచే గది. దాని బాధ్యత హెడ్ కానిస్టేబుల్ బెహరాది. ఆయన తాళం తీసి, తెల్ల గుడ్డ తొలగించాడు. బల్ల మీద తొమ్మిది గుర్రాలు పెళ్లివారి చెంబుల్లా ధగధగా మెరుస్తున్నాయి.

నేను ఒక గుర్రాన్ని తీసి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాను. బెహరా దాన్ని మెప్పు అనుకున్నాడు.

"మేడం వస్తున్నారని మా ఆవిడ రెండు రోజులు తోమింది. చింతపండు, బూడిద. ముందెంత మురికిగా ఉండేవో మీరు చూడలేదు కదా" అన్నాడు.

ప్రతి గుర్రం మెడకూ ఒక కాగితపు చీటీ దారంతో కట్టి ఉంది. ఏ గుర్రం ఎక్కడ దొరికిందో తెలిపే అంకెలు వాటి మీద నీలి సిరాతో రాశారట. చింతపండు నీళ్లలో ఆ సిరా అంతా పోయింది. తొమ్మిది గుర్రాల మెడల్లో తొమ్మిది లేత నీలం చీటీలు మాత్రం మిగిలాయి.

మిశ్రా బాబుకు నా బాధ వెంటనే అర్థం కాలేదు. ఆయన బాధ వేరు. స్వాధీనపు జాబితా తెచ్చి చదివాడు. అందులో "ఆకుపచ్చ రంగు గుర్రపు బొమ్మలు తొమ్మిది" అని ఉంది. తొమ్మిదో దానికి "ముదురు ఆకుపచ్చ" అని ప్రత్యేకంగా రాసి ఉంది. వచ్చే వాయిదాకి వీటిని కోర్టులో చూపించాలి. పసుపు గుర్రాలు తీసుకెళ్తే ఆకుపచ్చ గుర్రాలు ఏమయ్యాయని అడుగుతారు. అసలువి మాయం చేసి ఇవి పెట్టారంటారు. బెహరా ముఖం అప్పుడు వాడిపోయింది. ఆయనకు రిటైర్మెంటు ఇంకా పదమూడు నెలలు ఉంది.

సరిగ్గా ఆ సమయానికే అప్పలస్వామి వచ్చాడు. బెయిలు షరతు ప్రకారం రోజూ పొద్దున్న వచ్చి వేలిముద్ర వేయాలి. సన్నగా, వంగిన వీపుతో, కనుబొమలు నిప్పు వేడికి ఎప్పుడో కాలిపోయి మళ్లీ సరిగ్గా మొలవని మనిషి. మాల్‌ఖానా గుమ్మం దగ్గర నిలబడి లోపలికి చూశాడు.

"ఏటి బాబూ, ఇలగ సేసేరేటి?" అన్నాడు.

జరిగింది బెహరా చెప్పాడు. అప్పలస్వామి గుమ్మంలోంచే గుర్రాలను ఒక్కొక్కటిగా చూశాడు. తర్వాత, ఇంటికొచ్చిన ఖాతాదారుతో మాట్లాడినంత సహజంగా అన్నాడు: "దానికేటి బాబూ. నాలుగు రోజులియ్యండి. మల్లీ పచ్చగా సేసిచ్చేస్తాను."

గదిలో ఎవరూ నవ్వలేదు. మిశ్రా బాబు కుర్చీ లాక్కుని కూర్చుని, ఏమేం కావాలని అడిగాడు. ఉప్పు, సున్నం, పేడ, గొడ్డు పంచితం, తడి గోనెలు అని చెప్పాడు అప్పలస్వామి. ఇన్‌స్పెక్టర్ ఒక కాగితం మీద రాసుకున్నాడు. కొత్త బొమ్మలకు నకిలీ చిలుము పట్టించాడన్న అనుమానం మీద పట్టుకున్న మనిషి చేతనే, పోలీసులు తమ సాక్ష్యానికి చిలుము పట్టించబోతున్నారని నాకు అర్థం కావడానికి అర నిమిషం పట్టింది.

నేను అభ్యంతరం చెప్పాను. లిఖితపూర్వకంగా చెప్పాను. మిశ్రా బాబు ఆ కాగితం తీసుకుని, వచ్చిన తేదీ ముద్ర వేయించి, టీ తెప్పించాడు. మధ్యాహ్నం దాకా వాదించుకున్నాం. చివరకు ఒక ఒప్పందానికి వచ్చాం. ముందు నేను తొమ్మిదింటి నుంచీ నమూనాలు తీసుకుంటాను. ఆ తర్వాత ఒకే ఒక్క గుర్రానికి, నా కళ్ల ముందు, ప్రయోగంగా మాత్రమే చిలుము పట్టిస్తారు. కోర్టుకు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతారు. మిశ్రా బాబు ఒప్పుకున్నాడు. ఒక్కటైనా ఆకుపచ్చగా ఉంటే జాబితా పూర్తిగా అబద్ధం కాదు కదా అని ఆయన లెక్క.

నమూనా తీయడం చిన్న పని. బొమ్మ పొట్ట కింద, పైకి కనబడని చోట, సన్నని బర్మాతో తొలుస్తాం. పైపొర పొడి పారేసి, లోపలి పొడి చిటికెడు తీసుకుంటాం. రంధ్రం ఎక్కడ పెట్టామో ప్రతి బొమ్మకూ గీసి పెట్టుకుంటాం. బొమ్మల బరువులు జాబితాలో ఉన్నాయి కనుక ఆ చిటికెడు పొడి ఎటు పోయిందో కోర్టుకు చెప్పాలని మిశ్రా బాబు పట్టుబట్టాడు. చింతపండుతో తోమినందుకు ప్రతి గుర్రమూ అంతకన్నా ఎక్కువే తగ్గి ఉంటుందని చెప్పాను. అది తన పరిధిలోకి రాదన్నాడు.

కొత్త చీటీలు తెప్పించి, సిరా పోకుండా పెన్సిలుతో అంకెలు వేసి, నేనే కట్టాను. పసుపు గుర్రాల మధ్య ఏది ఇంట్లో దొరికిందో, ఏది దుకాణంలో దొరికిందో చెప్పగలిగినవాడు అప్పలస్వామి ఒక్కడే. కాని కేసు సొత్తును తాకకూడదని అతని బెయిలు షరతు.

"తాకక్కర్నేదమ్మా. కొట్టమను, ఇంటాను" అన్నాడు.

బల్లకు వీపు పెట్టి, గుమ్మం వైపు తిరిగి నిలబడ్డాడు. బెహరా ఒక్కొక్క గుర్రాన్నీ వేలితో పట్టుకుని గోటితో కొట్టాడు. ఆరోదాని దగ్గర అప్పలస్వామి చెయ్యెత్తాడు. "అదీ" అన్నాడు. నేను బొమ్మల వరస మార్చాను. మళ్లీ కొట్టించాను. ఈసారి రెండోదాని దగ్గర చెయ్యెత్తాడు. అదే గుర్రం. మూడోసారీ అదే. నాకు మాత్రం మొదటి రెండుసార్లూ తేడా వినపడలేదు. మూడోసారి వినపడింది. మిగతావి టక్కుమన్నాయి. ఇది కాస్త ఆగి పలికింది.

ఆ గుర్రం అతను చేసింది కాదు. తుక్కులో వచ్చిందో, ఏ పొలంలో దొరికిందో అతనికీ తెలియదు. అతని తాతకు దొరికింది. కరిగించడానికి చేతులు రాక తాత ఉంచుకున్నాడు. తర్వాత దాన్ని ముందు పెట్టుకుని పని నేర్చుకున్నాడు. తండ్రీ అలాగే నేర్చుకున్నాడు, అప్పలస్వామీ అలాగే నేర్చుకున్నాడు.

మర్నాడు ఠాణా వెనక పశువుల దొడ్డి పక్కన ప్రయోగం మొదలైంది. అప్పలస్వామి తన ఎనిమిదింటిలో ఒకటి చూపించాడు. తాకకూడదు గనుక అతను పక్కన గొంతుక్కూచుని చెప్పేవాడు, బెహరా యూనిఫారం చేతులు పైకి మడిచి చేసేవాడు. ఒక కానిస్టేబులు తుపాకి పట్టుకుని ఇద్దరికీ కాపలా. ఠాణా డైరీలో "పేడ, ఒక బుట్ట, ప్రభుత్వ పని నిమిత్తం" అని రాశారు.

"అలక్కాదు బాబూ. తోక కాడ పలసనైపోయింది, మల్లీ పూయి" అంటూ నిందితుడు హెడ్ కానిస్టేబుల్‌కి తప్పులు దిద్దుతూ వచ్చాడు. రెండో రోజుకి బెహరా నిజంగానే ఆ పనిలో పడిపోయాడు. టీ తాగడానికి కూడా లేవకుండా గోనె తడి చూసుకునేవాడు.

ఆ నాలుగు రోజులూ నేనూ అక్కడే కూర్చున్నాను. ఇన్నేళ్లుగా పుస్తకాల్లో చదివిన పని చేసే మనిషిని నేను అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. పుట్టమన్ను ఎందుకు మంచిదో, మైనంలో గుగ్గిలం ఎంత కలపాలో, లోహం పోయడానికి రంగు చూడాలా పొగ చూడాలా అన్నదీ అడిగి రాసుకున్నాను. తన తుక్కు తెరుబలి బజారులో పాత కుళాయిలు, యంత్రాల బుష్షులు కొని తెచ్చుకుంటానన్నాడు. మేము రాయగడ వాళ్లమని, పంపు ఆపరేటరు గారి అమ్మాయినని తెలిశాక అతను "అమ్మా" నుంచి "అమ్మి"లోకి దిగిపోయాడు. నాకప్పుడు నలభై ఏళ్లు. తుపాకి పట్టుకున్న కానిస్టేబులు నవ్వు ఆపుకోవడానికి అవతలికి తిరిగాడు.

వ్యాపారికి పాతవని ఎందుకు చెప్పావని అడిగాను.

"నాను సెప్పనేదమ్మీ. ఆయనొచ్చి పాత గుర్రాలు గావాలన్నాడు. సేసిచ్చేను."

ఇందులో తప్పేమిటో అతనికి నిజంగా తెలియలేదు. కొత్త బిందె అడిగితే కొత్త బిందె, పాత గుర్రం అడిగితే పాత గుర్రం. చిలుము పట్టించడం మెరుగు పెట్టడం లాంటిదే, తిరగేసి చేయడం అంతే.

అప్పుడు నేను అతనికి ఉన్నమాట చెప్పాను. తన ఇంట్లో దొరికిన గుర్రం నిజంగా పాతదని నేను రాస్తే, దాన్ని దాచినందుకు అతనికి జైలు పడవచ్చు. పడకపోయినా ఆ గుర్రం మళ్లీ ఇంటికి రాదు. మిశ్రా బాబు కూడా అంతకుముందే నాతో ఒక మాట అని ఉన్నాడు. ఆయన ఫారంలో ఫలితానికి ఒకే గడి ఉంది. తొమ్మిదీ పాతవనో, తొమ్మిదీ కొత్తవనో రాస్తే సరిపోతుంది. తొమ్మిదీ కొత్తవైతే, దుకాణంలో కొన్నవాడెవడూ లేడు గనుక మోసం కేసు నిలవదు. ముసలాయన ఇంటికి పోతాడు. ఆ మాట దయతో అన్నదేనని నాకు తెలుసు. అప్పలస్వామికి అదీ చెప్పాను.

అతను గోనె అంచు సర్దబోయి, షరతు గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నలబై ఏల్లు దాన్లాగ సెయ్యాలని సూసేను. రానేదు. దాని గోడ తమలపాకంత ఉంటాది. నాది అట్టంత మందం. ఎనిమిదీ నావే, ఆ ఒక్కటీ నాది కాదు. దాన్లాగ సెయ్యడం ఈడికి రానేదని రాయి అమ్మీ. కొత్తదని రాసేవంటే, అది నానే సేసేనని అయిపోద్ది. అది తప్పు."

నేను అతని విషయమై ఏ హామీ ఇవ్వలేకపోయాను. ఇవ్వలేదు.

ఆ సాయంత్రమే కామేశ్వరరావు మా ఇంటికి జీడిపప్పు పాకం పట్టుకుని వచ్చాడు. మా అమ్మకు బిందెలూ బాల్చీలూ అమ్మిన మనిషి. "మీరు మనూరి ఆడపడుచు. తొమ్మిదీ పాతవనే రాసెయ్యండమ్మా" అన్నాడు. పాతవైతే జైలు కదండీ అన్నాను. "తెలీక కొన్నానని సెప్పుకుంటాను. కొత్తవని రాసేరంటే మాత్రం రేపట్నుంచి నా కొట్లో ఇత్తడి కూడా ఇత్తడి కాదంటారు" అన్నాడు. జీడిపప్పు పాకం వెనక్కి పంపించేశాను. మా అమ్మ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

నాలుగో రోజు గోనె విప్పారు. గుర్రం ముదురు ఆకుపచ్చగా, మచ్చలు మచ్చలుగా, ఏ గుడి పునాదిలోంచో తవ్వి తీసినట్టు బయటికొచ్చింది. బెహరా దాన్ని చూసి దండం పెట్టాడు. తానే చేశాడన్న సంగతి ఒక క్షణం మరిచిపోయి ఉంటాడు.

నమూనాలతో ప్రయోగశాలకు తిరిగి వెళ్లాను. ఎనిమిది గుర్రాల్లోనూ జింకు, సీసం, కొంచెం నికెలు. అంటే కుళాయిలు, బుష్షులు, పాత తుక్కు. చింతపండు చేరని చెవుల మూలల్లో మిగిలిన చిలుమును గీకి తెచ్చాను. అదీ, ఠాణా వెనక తయారైన చిలుమూ ఒకటే: ఉప్పులోని క్లోరైడు, అదే సున్నం. తొమ్మిదోది వేరు. రాగి, తగరం, జింకు లేనట్టే. రంధ్రం అంచు నుంచి కోసి తెచ్చిన సన్నని ముక్కను నునుపు చేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, తుప్పు పైన పొరగా కాక లోహపు రేణువుల సందుల్లోంచి వేళ్లలా లోపలికి దిగి ఉంది. ఆ తుప్పును ఏ చింతపండూ తీయలేదు, ఏ పేడా నాలుగు రోజుల్లో పెట్టలేదు. ఎన్నేళ్లదో చెప్పలేను గాని వంద ఏళ్లు దాటిందని మాత్రం రాయగలను.

ఆ గుర్రంలో ఇంకొకటి కూడా దొరికింది. దాని కాళ్ల మధ్య ముడతల్లో గోధుమరంగు జిగురు కొంచెం ఉంటే ఠాణాలోనే గీకి తెచ్చాను. వేడి చేసి చూస్తే తేనెమైనం, గుగ్గిలం. మైనం అంటిన చేతులతో దాన్ని తరచుగా పట్టుకున్నారన్న మాట. పొట్ట పక్కన లోహం వేళ్ల రాపిడికి నునుపై ఉంది. నిందితుడి ఉద్దేశాలు రాయడం కెమిస్ట్ పని కాదని మా చీఫ్ అన్నారు. ఉద్దేశం రాయలేదు, మైనం గురించి రాశాను. "పనిలో నమూనాగా వాడిన వస్తువుకు ఉండదగిన జాడలు" అన్న వాక్యాన్ని ఆయన రెండుసార్లు కొట్టేశారు, మూడోసారి వదిలేశారు.

కోర్టులో నా సాక్ష్యం పావుగంట పట్టింది. చింతపండు సంగతి, పేడ సంగతి దాచకుండా చెప్పాను. మేజిస్ట్రేటు గారు పేడ బుట్ట పద్దు రెండుసార్లు చదివించుకున్నారు. ఎనిమిది కొత్తవి, ఒకటి పాతది అన్నాను. పాతది అమ్మకానికి పెట్టినది కాదని, పనిముట్టుగా ఇంట్లో ఉన్నదని ఆ మైనం ఆధారంగా కోర్టు నమ్మింది. అప్పలస్వామి మీద కేసు కొట్టేశారు. నమోదు చేయని ప్రాచీన వస్తువు గనుక ఆ గుర్రం ప్రభుత్వానికి చెందుతుందని, దూరపు ఊళ్లోని ఒక మ్యూజియానికి పంపాలని ఉత్తర్వు. కామేశ్వరరావును మందలించి వదిలేశారు. మిగతా ఎనిమిదింటినీ సొంతదారుకు ఇవ్వాలి. తనవి కావని కామేశ్వరరావు రాసిచ్చాడు. అమ్మేశాను గనుక తనవి కావని అప్పలస్వామి అన్నాడు. సొంతదారు లేని ఎనిమిది గుర్రాలు మళ్లీ మాల్‌ఖానాకు వెళ్లాయి.

గుమ్మం బయట అప్పలస్వామి నాకు దండం పెట్టాడు. సంతోషంగా లేడు, కోపంగానూ లేడు. "పాతదని రాసేవు, బాగుంది. నాకు రానేదన్న మాట రాసేవా?" అని అడిగాడు. ఫారంలో ఆ గడి లేదని చెప్పాను.

తర్వాత జరిగింది నాకు 2001లో గాని తెలియలేదు. ఆ ఏడాది ఎండాకాలంలో అప్పలస్వామి ఒక గుడ్డసంచి పట్టుకుని మా ప్రయోగశాలకు వచ్చాడు. సంచిలోంచి పసుపు గుర్రం తీసి నా బల్ల మీద పెట్టి, గోటితో కొట్టాడు. అది ఆగి పలికింది.

ఏమైందంటే, బెహరా రిటైరయ్యే ముందు సొత్తు అప్పగించవలసి వచ్చింది. మెడల్లోని చీటీలు కోర్టు కాగితాలు కదా, పాడవకూడదని, నేను కట్టిన తొమ్మిది చీటీలూ విప్పి ఫైలులో భద్రంగా కుట్టాడు. తర్వాత మ్యూజియం గుమస్తా "ప్రాచీన కంచు గుర్రం, ముదురు ఆకుపచ్చ, ఒకటి" అన్న కాగితంతో వచ్చాడు. గదిలో ఆకుపచ్చ గుర్రం ఒక్కటే ఉంది. దాన్నే ఇచ్చారు. మిగిలిన ఎనిమిది పసుపు గుర్రాలనూ కొన్నేళ్ల తర్వాత తుక్కు కింద తూకానికి వేలం వేశారు. తన లోహం తనకు పనికొస్తుందని అప్పలస్వామే పాడుకున్నాడు. ఇంటికి తెచ్చి, కరిగించే ముందు అలవాటుగా ఒక్కొక్కటీ గోటితో కొట్టి చూసుకున్నాడు.

అతను ముందు మ్యూజియానికే వెళ్లాడట. మీది నా దగ్గరికొచ్చింది, నాది మీ దగ్గరుంది, మార్చుకుందామని చెప్పాడు. గేటు దగ్గరే పంపించేశారు.

నేను పొట్ట కింద రంధ్రం చూశాను. నా గీతల పుస్తకం తీసి పోల్చాను. అనుమానం లేదు. అదే రోజు ఉత్తరం రాశాను. నెల తర్వాత జవాబు వచ్చింది. మా రిజిస్టరులోని గుర్రం ముదురు ఆకుపచ్చగా, మంచి స్థితిలో ప్రదర్శనలో ఉన్నది. మీరు పేర్కొన్న గుర్రం పసుపు రంగుదైనందున వర్ణనతో సరిపోలడం లేదు. దానిని స్వీకరించినచో ఒకే నంబరుపై రెండు వస్తువులు ఏర్పడును. రెండో ఉత్తరంతో నా నివేదిక నకలు జత చేశాను. మీ నివేదిక ఇదివరకే మా వద్ద ఉన్నది, దాని ఆధారంగానే ప్రదర్శన ఏర్పాటు చేయబడినది అని జవాబు. మూడో ఉత్తరానికి జవాబు రాలేదు.

పరీక్ష ముగిసిన వస్తువును ప్రయోగశాలలో ఉంచుకునే అధికారం మాకు లేదని మా చీఫ్ అన్నారు. అప్పలస్వామి దగ్గర "ఇత్తడి తుక్కు, గుర్రపు బొమ్మలు ఎనిమిది" అన్న వేలం రశీదు ఉంది. అతను మళ్లీ వచ్చినప్పుడు గుర్రం తిరిగి ఇచ్చేశాను. దాన్ని అమ్మకూడదని, ఎవరైనా అధికారి అడిగితే ఇచ్చేయాలని ఒక కాగితం మీద తెలుగులో రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకున్నాను. ఫైలులో నా ఉత్తరాలన్నీ కుట్టాను. నేను చేయగలిగింది అంతవరకే.

వెళ్లేముందు అతను, అద్దాల్లో ఉన్న తన గుర్రం కింద ఏమి రాశారని అడిగాడు. నేను ఒకసారి వెళ్లి చూసి వచ్చాను గనుక చెప్పాను. ప్రాచీన కంచు, శిల్పి అజ్ఞాతం.

"అజ్ఞాతమంటే ఏటమ్మీ?"

ఎవరు చేశారో తెలియదని అర్థమన్నాను.

"నన్నడిగితే సెప్పుదును కదా" అన్నాడు.

ఆ కేసు తర్వాత నా పని పద్ధతిలో రెండు మార్పులు చేసుకున్నాను. పరీక్ష మొదలుపెట్టే ముందే వస్తువు అడుగున, కనబడని చోట, చెరగని సిరాతో అంకె వేసి దాని మీద లక్క పూసేదాన్ని; చీటీని ఎవరైనా విప్పగలరు. రెండోది, నివేదిక ఫారంలో ఒక గడి అదనంగా టైపు చేయించాను: "ఇటువంటి వస్తువులు తయారుచేసేవారు ఆ ప్రాంతంలో ఉన్నారా? వారిని అడిగారా?" ఆ గడికి నియమాల్లో ఆధారం లేదని ఆడిట్‌లో రెండుసార్లు అభ్యంతరం వచ్చింది. నేను రిటైరయ్యేదాకా అది ఫారంలోనే ఉంది. చాలా నివేదికల్లో అందులో "లేరు" అనే రాయవలసి వచ్చింది. కాని అలా రాసేముందు ఆ ఊరు వెళ్లి అడగవలసి వచ్చేది.